పుర్రచేతి మృదంగము

టాటానగరు నుండి బొంబాయి వైపు పోవు రైలుత్రోవలో ఆదిత్యపూరు దాటగానే గమ్హరియా యను చిన్న స్టేషను వచ్చును. కిటికీలోనుండి చూచువారికి పొగగొట్టములు, రేకుల కప్పులు, వాటి నడుమ ఎఱ్ఱమన్ను కనిపించును. 1948లో బీహారులో కలిసిన సరాయికేలా సంస్థానపు నేల యిది. 2000 సంవత్సరమున ఝార్ఖండ్ రాష్ట్రము ఏర్పడిన పిదప సరాయికేలా-ఖర్సావాన్ జిల్లాలో చేరినది. నేను పెరిగినది అచ్చటనే. ఉక్కు పరిశ్రమను నమ్ముకొని శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము వైపులనుండి ఆ ప్రాంతమునకు తరలివచ్చిన తెలుగు కుటుంబములలో మాదియు నొకటి. శ్రీరామనవమికి ఖర్కాయి నది దాటి, జంషెడ్పూరు బిష్టుపూరులోని ఆంధ్రభక్త శ్రీరామమందిరమునకు పోవుట మాకు ఏటేట జరుగు యాత్ర.

మా వాడలో ఒక పెద్దాయన ఉద్యోగవిరమణ చేసి, సాయంకాలములందు పిల్లలకు మృదంగము నేర్పుచుండిరి. 1989లో, నా పదవయేట, మా నాయనగారు నన్ను వారియొద్ద చేర్చిరి. నేను పుర్రచేతి వాటము గలవాడను. అన్నము తినుట, అక్షరములు దిద్దుట మా నాయనమ్మగారు పట్టుబట్టి కుడిచేతికి మార్చిరి. బంతి విసరుట, సుత్తి పట్టుట, కత్తెర ఆడించుట ఎడమచేతికి మిగిలినవి. మొదటిదినమున మృదంగము ముందుంచగానే నేను దానిని త్రిప్పి పెట్టుకొంటిని. మాష్టరుగారు మరల త్రిప్పి పెట్టిరి. నేను మరల త్రిప్పితిని.

“ఒరే అబ్బాయ్, వలంతల కుడిచేతిదిరా. పేరులోనే ఉంది” అనిరి.

వారు చెప్పినది నిజమే. మృదంగమునకు రెండు ముఖములు. నల్లని పూతగల చిన్న ముఖము వలంతల. వాయించుటకు ముందు గోధుమరవ్వ ముద్ద అంటించు పెద్ద ముఖము తొప్పి. వలంతలను గాయకుని ఆధార షడ్జమమునకు శ్రుతి చేయుదురు. తొప్పి మంద్రముగా పలుకును. ‘వలం’ అనగా అరవమున కుడి. మన భాషలోను ‘వలపల’ అనగా కుడిప్రక్క యని సేద్యమెరిగిన ప్రతివాడును చెప్పును. వలపటి యెద్దు, దాపటి యెద్దు అను మాటలు ఇప్పటికిని మన పల్లెలలో వినవచ్చును. దాపట అలవాటుపడిన యెద్దును వలపట కట్టినచో అది నాగలిని ఎట్లు ఈడ్చునో కూడ ఆ రైతులే చెప్పవలెను.

మూడేండ్లు కుడిచేతితోనే సాధన చేసితిని. తొప్పిమీద నా ఎడమచేయి బాగుగనే పలికెడిది. వలంతలమీద కుడి చూపుడువ్రేలు ‘నం’ అని గంటవలె మ్రోగవలసినచోట మొద్దుగా పడెడిది. మాష్టరుగారు కోపించువారు కారు. తల అటునిటు ఊపి, మరల చెప్పించెడివారు. నాలవయేట శ్రీరామనవమి భజనలో ఎవరో నా చేతికి డోలకు ఇచ్చిరి. ఎవరును చూచుటలేదని తలచి దానిని నాకు అనువైన వైపునకు త్రిప్పుకొని రెండు గంటలు వాయించితిని. వెనుక వరుసలో మాష్టరుగారు కూర్చుండి యుండిరి.

మరుసటి వారము వారు నన్ను దగ్గర కూర్చుండబెట్టుకొని, “నీ చెయ్యి అదేరా, నాకు తెలుసు. కానీ రేపు కచేరీలో నిన్ను ఎక్కడ కూర్చోబెడతారు?” అని అడిగిరి. నాకు సమాధానము తెలియలేదు. పిల్లవానిని వదలించుకొనుటకు పెద్దవారు చెప్పు నెపమని తలచితిని. కూర్చుండుటకు చాపెడు చోటు దొరకదా! ఆ వేసవి తరువాత నేను మృదంగము ముట్టలేదు.

ఇరువది యేండ్ల పిమ్మట, ఢిల్లీలో సెక్రటేరియటు ఉద్యోగమున స్థిరపడిన తరువాత, కర్ణాటక సంగీత విద్వాంసుల చరిత్రలు చదువుచుండగా ఆ ప్రశ్న మాష్టరుగారు కల్పించినది కాదని తెలిసినది. దక్షిణదేశపు కచేరీ వేదికలపై అది అనేక సంవత్సరములు నలిగిన ప్రశ్న. దానికి కేంద్రముగా నిలిచినవారు పళని సుబ్రహ్మణ్య పిళ్ల.

ఆ చరిత్రలోనికి పోవుటకు ముందు వేదికను ఒకసారి కన్నులయెదుట పెట్టుకొనవలెను. గాయకుడు నడుమ శ్రోతల కభిముఖముగా కూర్చుండును. అతని కుడివైపున మృదంగము, ఎడమవైపున ఫిడేలు. మృదంగ విద్వాంసుడు గాయకుని వైపు తిరిగి కూర్చుండును గనుక అతని కుడిచేయి శ్రోతల వైపు ఉండును. అనగా శ్రుతిబద్ధమై, స్పష్టముగా పలుకు వలంతల ముఖము సభవైపు తెరచుకొని యుండును. ఈ యేర్పాటు శాస్త్రమున విధింపబడినది కాదు. చెవికి ఇంపుగా నుండుటవలన కుదురుకొన్న ఆచారము. మైకులు లేని దినములలో దాని విలువ చాల యెక్కువ.

ఇపుడు ఆ స్థానమున పుర్రచేతి వాటము గల విద్వాంసుని కూర్చుండబెట్టి చూడుడు. అతడు వాద్యమును త్రిప్పి పట్టుకొనును గనుక తొప్పి సభవైపునకు, వలంతల వెనుక గోడవైపునకు తిరుగును. మొదటి వరుసవారికి గుముకులు తప్ప అక్షరములు స్పష్టముగా వినబడవు. దీనికి ఒకటే ఉపాయము. అతనిని గాయకుని ఎడమవైపునకు మార్చవలెను. అప్పుడు ఆతని ఎడమచేయి సభవైపునకు వచ్చును, సమస్య తీరును. అయితే ఆ చోటు ఫిడేలు విద్వాంసునిది. ఆయన లేచి కుడివైపునకు పోవలెను. సెక్రటేరియటులో ఒక బల్లను ఒక గది నుండి వేరొక గదికి జరుపుటకు ఎన్ని నోట్లు వ్రాయవలెనో ఎరిగిన మన సభ్యులకు ఇందలి చిక్కును వేరుగా వివరింప నక్కరలేదు. చోటు అనునది గౌరవముతో ముడిపడి యుండును.

పళని సుబ్రహ్మణ్య పిళ్ల 1908లో జన్మించి 1962లో దివంగతులైరి. తండ్రి పళని ముత్తయ్య పిళ్లయే వారికి గురువు. వారి సంప్రదాయము పుదుక్కోట సంప్రదాయము. మాముండియా పిళ్ల, దక్షిణామూర్తి పిళ్ల మొదలగు మహనీయుల లయజ్ఞానము దానికి మూలధనము. పాలఘాటు మణి అయ్యరు (1912-1981), రామనాథపురము మురుగభూపతి (1914-1998), పళనివారు – ఈ మువ్వురిని ఆ తరము మృదంగ త్రయముగా లెక్కించెను. ఇట్టి విద్వాంసునికి సైతము ఆరంభదశలో కచేరీలు సులభముగా రాలేదు. వాదనలో లోపము కారణము కాదు. ఆయనను పిలిచినచో ఫిడేలువారిని చోటు మారుమని అడుగవలెను; కొందరు మారుట కొప్పుకొనలేదు; కచేరీ నిర్వాహకులు తగవు కోరరు. ఎవరును “వద్దు” అని నోరు తెరచి అననక్కర లేకుండ పిలుపులు తగ్గిపోవు విధమిది.

ఈ ముడిని విప్పిన పేరు చెంబై వైద్యనాథ భాగవతులవారిది (1896-1974). గంభీరమైన కంఠము, నిర్మొహమాటమైన స్వభావము గల చెంబై, పళనివారి వాదనయందలి సత్త చూచి, ఆయనను తన కచేరీలకు పట్టుబట్టి పిలిపించుకొనిరి; ఆయనకు అనువుగా వేదికను మార్పించిరి. ప్రధాన గాయకుడు ‘నాకీయన కావలెను’ అని నిలిచినచో తక్కినవారి అభ్యంతరము లెంతసేపు నిలుచును? క్రమముగా ఇతర గాయకులు కూడ పిలువసాగిరి. ఆలత్తూరు సోదరుల పాటకు, జి. ఎన్. బాలసుబ్రహ్మణ్యముగారి పాటకు పళనివారి మృదంగము రసికులు కోరి వినునదైనది.

ఒక చిన్న విషయము నన్ను చాలకాలము ఆలోచింపజేసినది. పళనివారి తొప్పి మీది పలుకులు, అందులోను గుముకులు, ప్రత్యేకముగా ప్రశంసింపబడినవి. అందరికి తొప్పి ఎడమచేతి పని. వారికది కుడిచేతి పని. వారి ‘వలంతల’ జీవితమంతయు ఎడమవైపుననే యుండెను. పేరు మాత్రము మారలేదు! వారు కంజీర కూడ వాయించెడివారు. మణి అయ్యరు మృదంగమునకు పళనివారు కంజీర పట్టిన కచేరీలు కలవు. కంజీరకు ముఖము ఒక్కటే గనుక కుడియెడమల తగవు దానికి లేదు.

మాటల ప్రస్తావన వచ్చినది గనుక ఇంకొకటి. మనము ‘సవ్యము’ అనగా సరియైనది, ‘అపసవ్యము’ అనగా తప్పినది అని వాడుచున్నాము. సంస్కృతమున ‘సవ్య’ శబ్దమునకు మొదటి యర్థము ఎడమ. జందెము ఎడమ భుజముపై నున్నపుడు సవ్యమనుట అందువలననే. అర్జునుడు సవ్యసాచి యనబడుట ఎడమచేతితో కూడ బాణములు వేయగలిగినందుననే. కుడిచేతివారి లోకమున ఎడమ అను అర్థము గల మాటయే ‘సరియైనది’ అను అర్థమునకు మారినది. మా నాయనమ్మగారికి ఈ సంగతి చెప్పియుండినచో ఏమనెడివారో!

తక్కిన వాద్యముల సంగతి చూడబోయిన, ఒక్కొక్కదాని న్యాయము వేరు. తబలాలో కుడి యెడమలు రెండు వేరు వేరు వాద్యములు. చోట్లు మార్చి పెట్టుకొనుట క్షణకాలపు పని. డోలకు త్రిప్పినచో చాలును. మన పల్లెల డప్పు వాయించువారు కుడిచేత సిర్రయు ఎడమచేత సిటికెన పుల్లయు పట్టుదురు. పుల్లలు చేతులు మారిన డప్పునకు తెలియదు. వేణువు సాధారణముగా ఊదువాని కుడిభుజము వైపునకు సాగియుండును. రంధ్రములు ఒకే వరుసలో నుండుటచే ఎడమవైపునకు పట్టినను నాదమున భేదముండదు.

హార్మోనియము మాత్రము లొంగదు. మెట్లు ఎడమనుండి కుడికి హెచ్చుచు పోవును. పెట్టెను త్రిప్పినచో స్వరములే తలక్రిందులగును. అందుచేత ఎడమచేతివారు ఎడమచేత మెట్లు, కుడిచేత గాలితిత్తి పట్టి, మంద్రమునుండి తారమునకు పోవుటకు వ్రేళ్ల వరుసను తమకు తాము కనిపెట్టుకొనవలెను.

వీణ కథ ఇంకొక తీరు. బొబ్బిలి వీణలు చేయు గొల్లపల్లి కళాకారులు పనసకొయ్యను తొలచునపుడే ఏ ప్రక్క కుండ, ఏ ప్రక్క బుర్ర, తాళపు తంత్రులు మూడును ఏ ప్రక్క రావలెనో నిర్ణయమై పోవును. తంత్రులు మార్చి కట్టినంతమాత్రమున అది పుర్రచేతి వీణ కాదు. మరియొక వీణను పుట్టించవలసినదే. అయితే ఇచట ఒక విశేషము కలదు. వీణలో మీటు కుడిచేతిదైనను, తంత్రిని లాగి గమకమును పలికించు సూక్ష్మమైన పని యంతయు ఎడమచేతిదే. ఫిడేలులోను అంతే. కమాను కుడిచేత నడచుచుండగా, రాగభావమంతయు ఎడమచేతి వ్రేళ్లలో నుండును. విజయనగరము సంగీత కళాశాలలో 1919 నుండి ద్వారం వెంకటస్వామి నాయుడుగారు ఫిడేలు నేర్పిన నాటినుండి నేటివరకు మన దేశమున ఆ విద్య నేర్చినవారిలో పుర్రచేతివారు తప్పక కొందరుండి యుందురు. లోకమున నూటికి సుమారు పదిమంది అట్టివారే గదా. వారిలో పెక్కుమంది అందరివలెనే పట్టి నేర్చుటకు, మేలైన చేయి మేలైన పనికే పోవుట ఒక కారణమని నా యూహ. వీణను, ఫిడేలును నేర్పువారు పుర్రచేతి పిల్లను చూచి భయపడ నక్కరలేదు. మృదంగము నేర్పువారు మాత్రము మొదటిదినముననే ఆలోచింపవలెను.

పాశ్చాత్యులలో ఫిడేలును త్రిప్పి పట్టినవారు లేకపోలేదు. చార్లీ చాప్లిన్ అందరకును తెలిసిన పేరు. ఆయన ఎడమచేత కమాను పట్టెడివాడు. 1952 నాటి ‘లైమ్ లైట్’ చిత్రమున దానిని చూడవచ్చును. తన ఫిడేలునకు తంత్రులు మార్చి కట్టించుటయే కాక, లోపలి కట్టుబడిని కూడ తారుమారు చేయించినట్లు స్వీయచరిత్రలో వ్రాసికొనెను. ఫిడేలు పైకి సమముగా కనిపించినను లోపల సమముగా నుండదు. మంద్రపు తంత్రి క్రింద పొడవైన కొయ్యపట్టీ యొకటి, తారపు తంత్రి వైపున చిన్న నిలువు గుంజ యొకటి యుండును. వాటిని మార్చనిదే నాదము కుదురదు. వియన్నా విద్వాంసుడు రుడాల్ఫ్ కోలిష్ (1896-1978) బాల్యమున ఎడమచేతి నడిమివ్రేలికి గాయమగుటచే కమానును ఆ చేతికి మార్చుకొనెను. అతని నాయకత్వమున నడచిన నలుగురి బృందమే బార్టోక్ రచించిన అయిదవ చతుష్టయ కృతిని 1935లో తొలిసారిగా వాయించినది. నలుగురే గనుక చోటు సర్దుకొనిరి. పెద్ద వాద్యబృందమున వరుసగా కూర్చున్నవారి కమానులన్నియు ఒకే దిశగా కదలుచుండగా ఒక్కడు ఎదురు దిశకు లాగినచో ప్రక్కవాని మోచేయి తగులును. ఇదియు చోటు తగవే.

మన దేశమున దీనికి పూర్తిగా విరుద్ధమైన ఉదాహరణము హరిప్రసాద్ చౌరాసియాగారిది. 1957లో కటకము ఆకాశవాణిలో చేరి, పిదప బొంబాయి చిత్రసీమలో వేణువాదకులుగా పేరుపొందినవారు, అన్నపూర్ణాదేవిగారి శిష్యరికమును కోరిరి. ఆమె సులభముగా ఒప్పుకొనలేదు. నేర్చిన దంతయు మరచి మొదటినుండి నేర్చుకొందునని నిరూపించుటకు ఆయన వేణువును కుడివైపు నుండి ఎడమవైపునకు మార్చిరి. చేయి మార్చుట నిజముగా ఎంత కష్టమో ఇంతకన్న సాక్ష్యము వలదు. సిద్ధహస్తుడు మరల ఓనమాలకు దిగిపోవును. ఆయన దానిని తపస్సుగా తానే కోరుకొనిరి. మనము అదే తపస్సును పదేండ్ల పిల్లలకు విధించి, ‘వీనికి లయ లేదు’ అని తేల్చివేయుచున్నాము.

మాష్టరుగారికి ఇంకొక యిబ్బంది కూడ ఉండెను. “నా చెయ్యి చూసి నువ్వెలా నేర్చుకుంటావురా?” అనెడివారు. దీనిని గూర్చి నేను పిమ్మట ఆలోచించితిని. గురుశిష్యులు ఎదురెదురుగా కూర్చుండిరనుకొనుడు. కుడిచేతి గురువు ఎదుట కుడిచేతి శిష్యుడు కూర్చున్నచో, గురువుగారి చేయి ఒక వైపున, తన చేయి మరియొక వైపున నుండును; పిల్లవాడు మనసులో త్రిప్పుకొని చూడవలెను. పుర్రచేతి పిల్లవానికి ఆ బాధ లేదు. అద్దములో చూచుకొన్నట్లు గురువుగారి చేయి యెటు కదలిన తన చేయి అటే కదలును. పళనివారి ప్రసిద్ధ శిష్యులు తిరుచ్చి శంకరన్ కుడిచేతివారే. పదమూడవయేట, గురువుగారి ప్రక్కన రెండవ మృదంగముతో, ఆలత్తూరు సోదరుల కచేరీలో అరంగేట్రము చేసి, 1971 నుండి కెనడాలోని యార్కు విశ్వవిద్యాలయమున ఆ విద్యను నేర్పిరి. చెంబై శిష్యులైన టి. వి. గోపాలకృష్ణన్ పాటతోపాటు మృదంగమునను పేరెన్నికగన్నవారు, వారు పుర్రచేతివారే. ఒకసారి జరుగబడిన చాప పిదపవారికి కూడ అక్కరకు వచ్చినది.

మా గమ్హరియాలో ఈ తగవు తెలియని వాద్యము లుండెడివని ఇప్పుడు గుర్తునకు వచ్చుచున్నది. మా వాడ దాటిన పిదప సంతాలీల పల్లెలు. పండుగ రాత్రులలో మట్టి మద్దెలలు మెడకు తగిలించుకొని వారు నిలువబడియే వాయించెడివారు. స్త్రీలు చేతులు కలుపుకొని వరుసగా ఆడెడివారు. సరాయికేలాలో చైత్రపర్వమున ఛౌ నృత్యము జరుగునపుడు ఢోలు, నగారా, మహురీ మ్రోగించువారు ఆటగాని అడుగును బట్టి వాయించెడివారు. ఒకనాటి రాత్రి మద్దెల పట్టిన యువకుడొకడు నావలెనే వాద్యమును త్రిప్పి తగిలించుకొనుట చూచితిని. నేను తప్ప ఎవరును దానిని గమనించినట్లు తోచలేదు. అచట వేదిక లేదు, వరుసలో చోటు లేదు. ఏ వైపునకు కావలసిన ఆ వైపునకు తిరుగవచ్చును. నాకు అప్పుడు పండ్రెండేండ్లు. ఇంటికి వచ్చి మాష్టరుగారికి చెప్పవలెనని తలచితిని గాని చెప్పలేదు.

ఇప్పుడు ప్రతి వాద్యమునకు ఒక మైకు, మృదంగమునకైతే ముఖమునకొకటి చొప్పున రెండు. వలంతల ఏ దిక్కునకు తిరిగియున్నను సభలో వెనుక వరుస వరకు వినబడును. పళనివారి నాటి కారణము దాదాపు తీరిపోయినది. ఆచారము మాత్రము నిలిచియున్నది. మొన్నటి ఉగాదికి మన సమాజము ఏర్పాటుచేసిన కచేరీకి, మన సభ్యులొకరి కుమార్తె, పదునాలుగేండ్ల బాలిక, మృదంగము వాయించుటకు వచ్చినది. వేదిక ఏర్పాటు నా వంతు. ఆమె సంచి విప్పి వాద్యమును తీసి ఒడిలో పెట్టుకొనగానే వలంతల గోడవైపునకు తిరిగినది. ఫిడేలు వాయించు పెద్దాయన అప్పటికే తన చోట కూర్చుండి శ్రుతి చేసికొనుచున్నారు. నేను దగ్గరకు పోయి, చేతులు జోడించి, “అయ్యా, తమరు కొంచెం ఇటువైపు...” అనబోతిని. ఆయన బాలిక చేతులవైపు ఒకసారి చూచి, నా మాట ముగియకముందే ఫిడేలు పెట్టెను చంకనబెట్టుకొని లేచిరి.

“రా తల్లీ, ఇక్కడ కూర్చో” అనిరి.

మైకుల తీగలు మార్చుటకు రెండు నిమిషములు పట్టినది.